గడప లోపలి చెప్పులు

నిన్న సాయంత్రం లైబ్రరీలో పుస్తకాలు సర్ది, తలుపు వేయబోతూ తూర్పు గోడ దగ్గర ఆగాను. వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి చెవి ఆనించాను. గోడ గట్టిగానే పలికింది. "బాగనే ఉన్నదవ్వా" అని చెప్పబోయి వెనక్కి తిరిగాను. వెనుక ఎవరూ లేరు. ఆమె పోయి నిన్నటికి పదకొండు రోజులు.

గోడలను కొట్టి వినడం నాకు ఆమె నుంచి వచ్చిన అలవాటు. ఆమె ఎక్కడికి పోయినా అదే పని. పెళ్ళికి పోతే పెళ్ళింటి గోడ, చావుకు పోతే చావింటి గోడ. ఒకసారి మా ఇంటికి వచ్చి వసారాలో నేల మీద కూర్చుని, మా అమ్మతో మాట్లాడుతూనే చెయ్యి వెనక్కి పెట్టి గోడను కొట్టింది. వంటింటి దిక్కు బోలుగా ఉంది, చూసుకోండి అంది. మా ఇంటి గోడల సంగతి నీకెందుకని అమ్మకు కోపం వచ్చింది. శ్రావణంలో వంటింటి గోడ పెచ్చు ఊడి పప్పుకుండలో పడ్డాక, బాపు వారం రోజులు ఆ మాట ఎత్తి నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

ఊళ్ళో అందరూ ఆమెను డంగవ్వ అనేవారు. డంగు అంటే గుండ్రటి కాలువలో రాతి చక్రం తిప్పుతూ సున్నం నూరే గానుగ. సిమెంటు వచ్చాక మా వైపు డంగులన్నీ మూలపడ్డాయి. ఆమె చేతిలో పని మాత్రం పోలేదు, పేరూ పోలేదు. అసలు పేరు రేషన్ కార్డులో ఉండి ఉంటుంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పొట్టి మనిషి. అరచేతులు సున్నానికి కాలి కాలి, గీతలు చెరిగిపోయి నున్నగా ఉండేవి. తడిపిన సున్నాన్ని వేలి కొసతో తీసి నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేసి, "ఇంక నాలుగొద్దులు" అనేది. ఆ నాలుగు రోజులు అయ్యేదాకా ఎవరు చెప్పినా ముట్టనిచ్చేది కాదు.

ఆమె చెప్పుల సంగతి కూడా చెప్పాలి. ఊరంతా ఉత్త కాళ్ళతో తిరిగేది. ఎండాకాలం మట్టి కాలుతున్నా అంతే. చంకలో చిన్న మూట ఉండేది. పాత దొరల గడి దర్వాజా దగ్గరికి రాగానే మూట విప్పి, అందులోంచి చెప్పుల జత తీసి, గడప దాటి లోపల పెట్టి, అక్కడ తొడుక్కునేది. గడిలో ఉన్నంతసేపు చెప్పులతోనే నడిచేది. బయటికి వస్తూ మళ్ళీ విప్పి మూట కట్టుకునేది. పిల్లలు నవ్వేవాళ్ళు. ఊరంతా విప్పేచోట తొడుక్కుంటుంది, ముసలిదానికి మతి లేదని. ఊరి పెద్దవాళ్ళు మాత్రం ఎవరూ నవ్వగా నేను చూడలేదు. ఆ గడి ముందు నుంచి చెప్పులు చేతిలో పట్టుకుని నడిచినవాళ్ళు వాళ్ళు.

మా ఊరు మెట్‌పల్లి నుంచి బస్సులో గంట. గడిలో ఉండే దొర కుటుంబం, ఊళ్ళల్లో దొరల మీద గొడవలు మొదలైన ఏడాది పట్నం వెళ్ళి మళ్ళీ రాలేదు. ముందు హాలు కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, తర్వాత లైబ్రరీ అయింది. నేను డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న రోజులవి. ఎవరితోనూ మాట్లాడనవసరం లేని చోటు ఊళ్ళో అదొక్కటే. లైబ్రేరియన్ వారానికి మూడు రోజులే వచ్చేవాడు. మిగతా రోజులకు తాళంచెవి నాకే ఇచ్చాడు. తూర్పు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని చదువుకునేదాన్ని.

అట్లా చదువుకుంటున్న ఒక మధ్యాహ్నం నా తల పక్కనే టకటకమని చప్పుడైంది. చూస్తే ఆమె. నా వైపు చూడడం లేదు, గోడ వైపే చెవి పెట్టి ఉంది.

"జర లే బిడ్డా," అంది. "నువ్వు ఆనుకున్న గోడ అలిసిపోయున్నది."

ఆమె నాతో అన్న మొదటి మాట అదే. ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

ఆ వేసవిలోనే పంచాయతీ వాళ్ళు గడిని కూలగొట్టాలని అనుకున్నారు. వెనుక హాలు కప్పు వంగింది, ఎవరి మీదనైనా పడితే జవాబు చెప్పేదెవరని సర్పంచ్ అడిగాడు. రాళ్ళు అమ్మేసి, ఆ జాగాలో దుకాణాలు కడదామన్నాడు. వద్దన్నవాళ్ళు లేరు. ఆ ఇంటిని ప్రేమించడానికి ఊళ్ళో ఎవరికీ ఒక్క కారణం లేదు. దొర పోయినా గడి పీడ పోలేదని కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. డంగవ్వ ఒక్కతే లేచి, కప్పు నిలబెడితే ఉంచుతారా అని అడిగింది. సర్పంచ్ నవ్వి, మిరుగు వానలకు నిలిస్తే అప్పుడు చూద్దామన్నాడు. మిరుగుకు, అంటే మృగశిర కార్తెకు, రెండు నెలల పైన ఉంది.

మర్నాడు ఆమె నన్ను వెనుక హాల్లోకి తీసుకెళ్ళింది. నేనెందుకు వెళ్ళానో నాకు తెలియదు. రమ్మంటే రానని చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. తడిగుడ్డతో గోడ అడుగున, మోకాలి ఎత్తులో, దుమ్ము తుడిచింది. సున్నంలో అచ్చుపడిన గుండ్రటి గీత బయటపడింది. కుండ మూతి అచ్చు. నాలుగు అడుగుల అవతల తుడిస్తే మేక గిట్ట. ఇంకా అవతల, నారతాడు ఒత్తిన పొడుగు గీత. దూది ఏకే విల్లు తాడు అది. చివర, మూలలో, ఒక అరచెయ్యి.

ఆ హాలు వెట్టితో కట్టించింది. ఏ వాడకు ఎంత గోడ అని పంచి కట్టించారు. ఎవరు కట్టారో తెలియడానికి వాళ్ళ వాళ్ళ పనిముట్టుతో పచ్చి సున్నంలో గుర్తు వేయించారు. ఎందుకు తెలియాలని అడిగాను.

"గోడ వంకరైతే కొట్టెతందుకు," అంది.

తర్వాత ఆమె గోడ పొడుగునా చెయ్యి చూపి, "అందరివి ఉన్నయి. దొరది యాడ లేదు సూడు," అంది. నేనూ గోడ వెంబడి చూస్తూ పోయాను. నేను దేనికోసం వెతుకుతున్నానో ఆమెకు తెలిసినట్టుంది. నా వైపు తిరగకుండానే అంది.

"మీది గూడ లేదు."

మా తాత ఆ రోజుల్లో ఊరి మాలీ పటేలు. ఏ ఇంటి వంతు ఏ రోజో చెప్పి పంపేది ఆయనే.

ఆమె అనుకున్నది చాలా సాదా సంగతి. ఎవరి గుర్తు ఉన్న గోడను వాళ్ళు బాగుచేస్తే హాలు నిలబడుతుంది. పనెట్లా చెయ్యాలో ఆమె చూపిస్తుంది. ముందు కుమ్మరివాడకు పోదామంది. సున్నం సంగతులు రాసుకుందామని నేను నోటుబుక్కు వెంట పెట్టుకున్నాను. తెల్లవారుతూ ఉంది. వాకిళ్ళు చల్లుతున్నారు. ఆమె వాడ మొగదల నిలబడి, గొంతెత్తి పిలిచింది.

"కుమ్మరోళ్ళ వంతొచ్చింది. గడికి రాండ్రి."

ఎదురింటి అరుగు మీద లస్మయ్య తాత పడుకుని ఉన్నాడు. వాడలో అందరికంటే పెద్దవాడు. ఆ పిలుపు వినపడగానే లేచాడు. ఏమీ అడగలేదు. తలకు చుట్టిన తువ్వాల విప్పి నడుముకు కట్టుకున్నాడు. అరుగు కింద ఉన్న చెప్పులు కాళ్ళకు తొడుక్కోకుండా చేతిలోకి తీసుకున్నాడు. తల వంచుకుని, గడి వైపు నడవడం మొదలుపెట్టాడు. మమ్మల్ని దాటుతూ ఒక్కసారి నా ముఖం చూశాడు, తర్వాత నా చేతిలో నోటుబుక్కు చూశాడు. నడక ఇంకా వేగం చేశాడు.

కోడలు పరుగెత్తుకొచ్చి, మామా యాడికని రెక్క పట్టుకుని ఆపింది. ఆయనకు ఎక్కడ ఉన్నాడో తెలియడానికి కొంతసేపు పట్టింది. తెలిశాక ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వాడలో మిగతా తలుపులు కూడా ఒక్కొక్కటే మూసుకున్నాయి.

డంగవ్వ వీధిలోనే, మట్టిలో, కూలబడింది.

"నోట్లె గా మాటనే ఉన్నదే బిడ్డా," అంది. "గన్నేండ్లాయె. పోలే."

ఆ మాట ఆమె మీద అరిచినవాళ్ళ నోట విని విని ఆమె నోటికి వచ్చింది. వెనుక పటేలింటి పిల్ల, చేతిలో పుస్తకం. పాత రోజుల్లో ఆ వీధిలోకి అచ్చం అట్లాగే వచ్చేవాళ్ళని మా ఇద్దరికీ తట్టలేదు. నాకైతే తెలియకపోవడం సాకు. ఆమెకు ఆ సాకు కూడా లేదు. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే ఉంది: ఇంక గడికి పోను.

వారం తర్వాత ఆమె మా పెరటి తలుపు కొట్టింది. సున్నం ఎట్లా తడుపుతారో రాయమంది. తనకు చదువు రాదు, తను పోతే అదీ పోతుంది. బుక్కు గడిలోకి తేవచ్చు, వాడల దిక్కు మాత్రం తేవద్దంది. ఇక ఎవరినీ పిలవనంది.

వెళ్ళి చూస్తే ఒక్కతే పని మొదలుపెట్టి ఉంది. తన గోడ కాదు, కుమ్మరివాళ్ళ గోడ. చచ్చిన సున్నాన్ని గీకి, రాళ్ళ సందులు కడిగి, కరక్కాయ నానిన నీళ్ళు చల్లుతోంది. రోట్లో సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు వేసి రోకలితో దంచేది. నేను పక్కన కూర్చుని రాసుకునేదాన్ని. ఎంత దంచాలని అడిగితే, రోకలికి అంటుకుని విడవకుండా అయ్యేదాకా అనేది. అది ఎంతసేపని అడిగితే, నీకు యాష్ట వచ్చినంక ఇంకింత సేపు అనేది. కుండ మూతి గుర్తు చుట్టూ వేళ్ళతో మెత్తగా పూసేది. గుర్తు మీద చుక్క పడనిచ్చేది కాదు.

ఒక రోజు దంచుతూ దంచుతూ, మా తాత మాట ఆమే ఎత్తింది.

"మీ తాత ఎన్నడు ఎవలను ఒర్రలే. నీ తీర్గనే, మెల్లగ మాట్లాడేది. గా మెల్లగ మాట్లాడుడే మాకు భయం."

నేను పుస్తకం మూశాను. ఆమె రోకలి ఆపలేదు. మాట మెత్తదనాన్ని నేను నా మంచితనం అనుకునేదాన్ని. ఆ మాట గురించి ఇప్పటికీ రాయడం పూర్తి కాలేదు.

రాజలింగు వచ్చింది ఆ రోజుల్లోనే. లస్మయ్య తాత మనుమడు. శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో, భూమి లోపల పని. సెలవు మీద ఊరికి వచ్చి, ఆ తెల్లవారుజామున జరిగిన సంగతి విని, నేరుగా గడికి వచ్చాడు. ఆ కోపం చూసి నేను అల్మారా చాటుకు జరిగాను.

"మా తాతను మల్ల వెట్టికి పిలిచినవట?"

"పిలిచిన," అంది ఆమె, గోడ వైపు నుంచి తిరగకుండానే. "తప్పయింది."

అతను ఇంకా చాలా అనడానికి వచ్చినట్టున్నాడు. తప్పయిందన్న మాట విని అటూ ఇటూ చూశాడు. ఆమె పూస్తున్నది ఎవరి గోడో చూశాడు, కుండ మూతి అచ్చు చూశాడు. తర్వాత ఆమె తల మీద వంగిన కప్పును చూశాడు. మూలన ఉన్న గడ్డపార తీసుకుని, మొనతో కప్పును కొట్టి, తల పక్కకు వంచి విన్నాడు. ఇంకోచోట కొట్టి విన్నాడు. బాయిలో రోజూ పనికి ముందు కప్పును అట్లా కొట్టి చూస్తారట. బోలుగా పలికితే కింద నిలబడరు. అప్పుడా సంగతి నాకు తెలియదు. ఆమె కొట్టినట్టే కొడుతున్నాడు, ఆమె విన్నట్టే వింటున్నాడని మాత్రం అనుకున్నాను.

"అవ్వా, ముందుగాల బైటికి రా."

"ఎర్కే. బోలుగ పలుకుతుంది. రోజు వింటనే ఉన్న."

"ఎర్కుండి కిందనే కూసున్నవా?"

"మరి గోడ లేంది కప్పు దేని మీద నిలవడతది కొడుకా?"

అతను ఆమె చేతిలో తాపీ తీసి కింద పెట్టి, భుజం పట్టుకుని బయటికి నడిపించుకొచ్చాడు. మర్నాడు తుమ్మ మొద్దులు తెచ్చాడు. సెలవు అయిపోయేదాకా కప్పు కింద, బాయిలో పెట్టినట్టే, వరసగా నిలబెట్టి పోట్లు పెట్టాడు. ఇప్పుడు కూసో అవ్వా అన్నాడు. తర్వాత నెలలో పెద్ద మనసుతో రెండు సిమెంటు బస్తాలు కూడా తెచ్చాడు. సిమెంటు పూస్తే పాత గోడకు ఊపిరాడదని, ఆ బస్తాలతో మీ ఇంట్లో స్నానాల జాలారు చేసుకొమ్మని ఆమె తిప్పి పంపింది. అతను అలిగాడు. జాలారు మాత్రం చేయించుకున్నాడు.

అతని వెంట కుమ్మరివాడ వాళ్ళు వచ్చారు. దూదేకుల బీబమ్మ ఒకరోజు గంపలో కోడిగుడ్లు తెచ్చి, సున్నంలో వేస్తారట కదా, మా అత్త చెప్పేదంది. అక్కడే కూర్చుని తాడు గీతను చేత్తో తడిమి, సాయంత్రం దాకా లేవలేదు. గొల్లవాళ్ళు ముందు ఆ గిట్ట గొర్రెదా మేకదా అని తగువు పెట్టుకోవడానికే వచ్చారు. తగువు తేలలేదు గాని, పాత డంగు చక్రాన్ని మట్టిలోంచి పైకి తీసి పెట్టారు. మాదిగవాడ వాళ్ళ గోడ ఒకటి ఉంది, చెప్పులు కుట్టే ఆరెతో పొడిచిన చుక్కల వరస గుర్తు. వాళ్ళు రాలేదు. వాళ్ళను ఎవరో ఏదో అనబోతే డంగవ్వ ఊరుకోలేదు. వాళ్ళకు ఎక్కువ యాదికున్నది, మీరు నోరు మూసుకోండంది. ఆ గోడను తానే పూసింది. మూడో ఏడు వాళ్ళ ఇంటి ఆడపిల్లలు ఇద్దరు లైబ్రరీకి వచ్చి, ఆ చుక్కల దగ్గర నిలబడి చూసి వెళ్ళారు. ఇప్పుడు రోజూ వస్తారు.

మొదటి ఏడు మిరుగు వాన మూడు రోజులు పడింది. నాలుగో రోజు సర్పంచ్ గొడుగు వేసుకుని వచ్చి, కప్పును చూసి వెళ్ళాడు. దుకాణాలు బస్టాండు దగ్గర కట్టారు.

అప్పటి నుంచి ఏడాదికొక వేసవి, వేసవికొక గోడ. లస్మయ్య తాత మాత్రం ఒక్కనాడూ రాలేదు. గడి ఎదుట మోరీ గట్టు మీద కూర్చుని, లోపలికి పోయే వచ్చే వాళ్ళను చూస్తుండేవాడు. సాయంత్రం పని అయ్యాక డంగవ్వ చెప్పులు మూట కట్టుకుని వచ్చి ఆయన పక్కన కూర్చునేది. ఇద్దరూ వానల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు. లోపలికి రమ్మని ఆమె ఎన్నడూ అనలేదు. ఒకసారి నేను, తాతను మనమే చెయ్యి పట్టుకుని తీసుకొద్దామా అన్నాను. ఆమె నన్ను తిట్టింది ఆ ఒక్కసారే. చెయ్యి పట్టి గుంజుకొచ్చే కద గీ గోడలు కట్టిచ్చింది అంది.

ఆమె గోడ, అరచెయ్యి గుర్తున్న మూల, చివరికి మిగిలింది. ఆ చెయ్యి ఆమె తల్లిది. ముందు అదే చేసుకోవచ్చు కదా అని ప్రతి వేసవీ అడిగేదాన్ని. నాదానికి తొందరేంది, నేనున్న గద అనేది. ఈ ఏడు సున్నం తడిపింది, నాలుక మీద పెట్టుకుని ఇంక నాలుగొద్దులంది. మూడో రోజు పొద్దున లేవలేదు. ఆమెకు ముందూ వెనుకా ఎవరూ లేరు. మట్టి చేసింది వాడలవాళ్ళే.

గుంతలో సున్నం నీళ్ళ కిందే ఉంది. మిరుగుకు ఇంకా వారం. పోయినేడు ఆ మూల నుంచే చెమ్మ దిగింది. ఎట్లా చేయాలో నా పుస్తకంలో మొదటి నుంచి చివరిదాకా రాసి ఉంది. కాని ఒక్క మనిషి చేతి పని కాదు. పోయి నలుగురిని పిలవాలి. పిలవడం అనే మాట తలచుకుంటేనే ఆ తెల్లవారుజాము గుర్తొస్తుంది. పదకొండు రోజులు అట్లాగే గడిచాయి. నిన్న సాయంత్రం కూడా తాళం వేసి ఇంటికి వచ్చేశాను.

ఈ పొద్దున తాళం తీయడానికి వెళ్తే దర్వాజా ముందు లస్మయ్య తాత నిలబడి ఉన్నాడు. చేతిలో కుండ. కొద్ది దూరంలో బీబమ్మ, ఆమె వెనుక ఇంకా కొందరు. నేను ఎవరికీ చెప్పలేదు.

"సున్నం తడిపి ఎన్నొద్దులాయె?" అని అడిగాడు.

"పద్నాలుగు, తాతా."

"ఎవల గోడ మిగిలింది?"

"అవ్వది."

తల ఊపాడు. నేను తలుపు తీశాను. ఆయన గడప దాకా వచ్చి ఆగాడు. కుండ నాకిచ్చి, వంగి, ఒక్కొక్క చెప్పూ విప్పి చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు లోపలికి చూశాడు.

గడప లోపల, గోడ వారన, ఆమె చెప్పులు ఉన్నాయి. ఆ చివరి సాయంత్రం నీరసంగా ఉందని, మూట కట్టుకోకుండా అక్కడే విడిచి వెళ్ళింది. ఎవరూ ముట్టుకోలేదు. మీద సన్నగా సున్నపు దుమ్ము పడింది.

తాత వాటిని చాలాసేపు చూశాడు. వెనుక ఉన్నవాళ్ళెవరూ తొందర పెట్టలేదు. తర్వాత తన చెప్పులను గడప అవతల, ఆమె జత పక్కన, లోపల పెట్టాడు. నా భుజం పట్టుకుని గడప దాటాడు. అక్కడ నిలబడి వాటిని తొడుక్కున్నాడు.

వెనుక హాలు రాతిబండల మీద ఆ చెప్పుల చప్పుడు మూల దాకా పోయింది. అక్కడ ఆగింది. తర్వాత గోడ మీద, వేలి కణుపుతో, మూడు దెబ్బలు.